రెక్కలకు పూత

మూకండపల్లి,
12 సెప్టెంబరు 2024

అక్కకు మురళి నమస్కారం.

ఫోను చేద్దామంటే నీకు వినబడదు, ఈమధ్య నాకు పలకదు. నాలుగు మాటలకే ఆయాసం వస్తోంది. అందుకని మన ఇద్దరికీ ఇక కాయితమే గతి. తెలుగు బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఇన్నేళ్లకు అక్కరకు వచ్చాయి.

పోయిన వారం కృష్ణగిరి నుంచి మా అమ్మాయి పవిత్ర వచ్చి నన్ను పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఎక్స్‌రే చూసి, "ముప్పై నాలుగేళ్లు పెయింటు గన్ పట్టుకున్నారా? ఇక థిన్నర్ వాసన వచ్చే గదిలోకి అడుగు పెట్టకండి" అని తమిళంలో మెల్లగా, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

అక్కా, నేను రెండేళ్లుగా ఒక విమానం చేస్తున్నాను. నీకు చెప్పలేదు, నవ్వుతావని. బొమ్మ విమానమే. ఇంజను లేదు, బ్యాటరీ లేదు, గాలి మీద జారేది. రెక్కలు ఈ చివరి నుంచి ఆ చివరికి నువ్వు రెండు చేతులూ చాపినంత ఉంటాయి. బెండులాంటి తేలిక కట్టెతో ఎముకలు చేసి, పైన ఉల్లిపొర కాయితం అంటించాను. చివరి పని ఒక్కటే మిగిలింది: ఆ కాయితానికి రంగు లేని పూత. డోప్ అంటారు దాన్ని. అది లేకపోతే కాయితం మంచుకే నానిపోతుంది. అందులో ఉండేది రంగును పలచన చేసే ఆ థిన్నరే. పవిత్ర డబ్బా తీసి దాచింది. "నాయనా, నువ్వు దీని మూత తీసినావంటే నేను మళ్లీ ఈ ఇంటికి రాను" అంది.

వేరేవాళ్ల చేతికి ఇవ్వడానికి మనసు ఒప్పలేదు. పాల వ్యాను ప్రశాంత్ చేత రెక్కలూ, మూత తీయనని ఒట్టేసి పవిత్ర దగ్గర తీసుకున్న డబ్బాలూ నీకు పంపుతున్నాను. ఇక అవి నీవే. నువ్వే పూర్తి చెయ్యి.

మురళి

కొత్తూరు, డెంకణికోట తాలూకా,
19 సెప్టెంబరు 2024

మురళీ, అక్క దీవెనలు.

పెట్టె చేరింది. నీ జాబు చదివి ఒక పూట అన్నం తినలేదు. "ఇక అవి నీవే" అని రాశావు. పోయేవాళ్లు వస్తువులు పంచిపెట్టినట్టు ఆ మాట ఏమిటి? డాక్టరు ఇంకా ఏమైనా చెప్పాడా? ఉన్నది ఉన్నట్టు రాయి.

డోప్ అన్న మాట చదవగానే మా కోడలు అంబిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అత్తా, అది గంజాయికి చెప్పే పేరు కదా!" అని నా చేతి మీద రాసి చూపించింది. మీ బావ బైరప్ప ఆ పెట్టెను గొడ్ల కొట్టంలో పెట్టించాడు. ప్రశాంత్ వచ్చి, "అది వార్నిష్ లాంటిది మామా" అన్నాక మళ్లీ ఇంట్లోకి వచ్చింది.

తరువాత రెక్క ఒకటి బయటికి తీశాను. తమ్ముడూ, అంత పెద్దది ఎత్తుతున్నాను కదా అని గట్టిగా పట్టబోయాను. చేతిలో ఏమీ లేనట్టే ఉంది. అనుమానం వచ్చి రెండు రెక్కలూ తక్కెడలో ఒకవైపు పెట్టి, ఇంకోవైపు ఒక కోడిగుడ్డు పెట్టాను. గుడ్డే కిందికి దిగింది. మనిషి చేసిన వస్తువు ఇంత తేలికగా ఉండటం నేను చూడలేదు.

నా చేతులు పేడ కలిపిన చేతులు. రాగి పైరు కోసిన చేతులు. వాటిలో ఇది నిలుస్తుందా? ఆలోచించి రాయి.

అక్క
పిల్లమ్మ

మూకండపల్లి,
28 సెప్టెంబరు 2024

అక్కా,

నేను పోవడం లేదు. మాట సరిగ్గా రాయడం రాక అట్లా రాశాను. "నీవే" అంటే నీ ఇష్టప్రకారం చెయ్యి అని మాత్రమే. అన్నం తిను.

నీ చేతుల సంగతి నాకు తెలుసు. వాకిట్లో నువ్వు గీసిన ముగ్గులో ఒక్క గీత కూడా రెండోసారి దిద్దింది కాదు. ఈ పనికి కావలసింది ఆ చెయ్యే.

ముందు రెక్కను చదునైన పలక మీద పెట్టి నీళ్లు చల్లు, మంచు పడినంత సన్నగా. కాయితం వదులై వేలాడుతుంది, భయపడకు. అది ఎండితే దానంతట అదే బిగుసుకుంటుంది. మరునాడు డోప్ సగం, థిన్నర్ సగం కలిపి, నేను పంపిన మెత్తటి కుంచెతో పూయి. కుంచె ఒకసారి పోయిన చోటికి మళ్లీ రాకూడదు. పూసిన వెంటనే అంచుల పక్కన గుండుసూదులు గుచ్చి రాత్రంతా పలక మీదే ఉంచు. లేకపోతే ఎండేటప్పుడు రెక్క మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన రెక్క ఎగరదు. ఇట్లా మూడు పూతలు, ఒక్కో దానికి వారం ఎడం. పూర్తయ్యాక వేలితో మీటితే డప్పులా మోగాలి.

పని మాత్రం ఆరుబయట వసారాలోనే చెయ్యి. గాలి నీ వీపు వైపు నుంచి రావాలి, ముక్కుకు గుడ్డ కట్టుకో. పొయ్యి దగ్గర వద్దు. అది పెట్రోలులా అంటుకుంటుంది. బావ బీడీని వంద అడుగుల దూరంలో ఉంచు. నేను చేసిన తప్పు నువ్వు చేయవద్దు. వేడికి ఉక్కపోసి నేను మాస్కు తీసి జేబులో పెట్టుకునేవాణ్ణి.

మురళి

కొత్తూరు,
9 అక్టోబరు 2024

మురళీ,

ఎట్లా రాయాలో తెలియడం లేదు. అయినా రాస్తాను.

వేపమందు కొట్టే చిన్న సీసా మూడుసార్లు కడిగి, దానితో నీళ్లు చల్లాను. నువ్వు చెప్పినట్టే కాయితం తడిసి, ముసలి ఆవు మెడ కింది తోలులా వేలాడింది. నువ్వు భయపడవద్దని రాశావు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏడ్చేదాన్ని. అక్కడే చాప వేసుకుని కూర్చున్నాను.

అరగంట. ఎవరూ ముట్టుకోలేదు. నేను చూస్తుండగానే ఒక్కో ముడత పోతూ వచ్చింది. ముందు అంచుల దగ్గర, తరువాత ఎముకకూ ఎముకకూ మధ్య. ఎవరో కనబడనివాళ్లు నాలుగు మూలలా పట్టి మెల్లగా లాగుతున్నట్టు ఉంది. చివరికి ఒక్క గీత లేదు. అంబికను పిలిచి చూపిస్తే, "మీరు ఇస్త్రీ చేసినారా అత్తా?" అన్నట్టు పెదవులు కదిపింది.

మరునాడు మొదటి పూత వేశాను. తెల్లటి కాయితం కుంచె కింద గాజులా మారిపోయింది. లోపల నువ్వు పెట్టిన ఎముకలన్నీ బయటపడ్డాయి. ఒక్కొక్కటీ చేప ముల్లులా ఎంత వరుసగా ఉన్నాయో! రెండేళ్లు నువ్వు ఏం చేశావో అప్పుడు నాకు అర్థమైంది.

డప్పులా మోగాలి అని రాశావు. నాకు వినబడదు కదా. వేలితో మీటి, వేలిని అక్కడే ఉంచాను. వేలిలో మోగింది తమ్ముడూ. మోచేతి దాకా వచ్చింది. అంబిక నా ముఖం చూసి, తనకూ వినబడిందని తలూపింది.

మీ బావ గొడవ వేరే. "ఏమే పిల్లా, ఆ రెక్కలు ఎండేదాకా నేను గొడ్లతోనే బీడీ తాగల్నా?" అంటున్నాడు. తాగమన్నాను.

అక్క

కొత్తూరు,
26 అక్టోబరు 2024

మురళీ,

ఏనుగులు వచ్చాయి. మూడు పెద్దవి, ఒక పిల్ల. తూర్పు చేనులో రాగి సగం తిని, సగం తొక్కాయి. మీ బావకు కంటినిండా నిద్ర లేదు. ఇక్కడ వానలు విడవడం లేదు. పని ఆగింది.

నీ ఆరోగ్యం చూసుకో.

అక్క

మూకండపల్లి,
4 నవంబరు 2024

అక్కా,

నీ జాబు ఆరు వరుసలే ఉంది. నువ్వు ఎప్పుడూ అట్లా రాయవు. రెక్కల మాటే లేదు. నాకు రెండే అనుమానాలు. ఏనుగులు ఇంటి మీదికి వచ్చి ఉంటాయి, లేదా ఆ వాసన నీకు పడక ఒళ్లు బాగలేక ఉంటుంది. రెండోది అయితే నన్ను నేను క్షమించుకోలేను. వెంటనే అన్నీ పెట్టెలో పెట్టి ప్రశాంత్‌కు ఇచ్చి పంపు. నీ చేత ఈ పని చేయించి ఉండకూడదు.

మురళి

కొత్తూరు,
15 నవంబరు 2024

మురళీ,

నా చేత ఈ పని చేయించి ఉండకూడదు అని రాశావు. నిజమే. చేయించి ఉండకూడదు. నీకు ముందే తెలిసిపోయినట్టుంది.

దాచి లాభం లేదు. దీపావళి లోపల ముగిద్దామని, తుంపర పడుతున్నా వినకుండా రెండో పూత వేశాను. నేను కుంచె కడిగి తిరిగి చూసేలోపల రెండు రెక్కలూ తెల్లబడ్డాయి. గాజులా ఉన్నది పాల మీగడలా అయిపోయింది. ఎముకలు కనబడటం లేదు. గుడ్డతో తుడవబోయి ఆగాను. దేవుడే ఆపాడు. ఏనుగులు వచ్చింది నిజమే. కానీ పని ఆగింది వాటివల్ల కాదు. నా తొందర వల్ల.

రెండేళ్ల నీ పనిని పది నిమిషాల్లో పాడు చేశాను. రోజూ గది తలుపు తీసి చూస్తాను. ఇంకా తెల్లగానే ఉంది. నా ఒళ్లు బాగానే ఉంది. పంపమంటే పంపుతాను. నీ ముఖం ఎట్లా చూడాలో మాత్రం తెలియదు.

పిల్లమ్మ

కృష్ణగిరి,
28 నవంబరు 2024

అక్కా,

ఈ జాబు పవిత్ర ఇంటి నుంచి. మూకండపల్లిలో ఒక ఉదయం ఊపిరి అందక పడిపోయాను. ఇక్కడ తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇప్పుడు పక్కన ఒక గాలి యంత్రం పెట్టుకుని కూర్చున్నాను. ముక్కుకు గొట్టం. నీ జాబు మూకండపల్లికి పోయి, ఇక్కడికి వచ్చేసరికి ఆలస్యమైంది. అన్ని రోజులు నువ్వు ఆ తలుపు తీసి చూస్తూ ఉన్నావు కదా, అందుకే చదివిన వెంటనే రాస్తున్నాను.

నువ్వు ఏమీ పాడు చేయలేదు. విను. తేమ ఉన్న రోజు పూస్తే, థిన్నర్ ఆరేటప్పుడు పుట్టే చలికి గాలిలోని నీరు పూతలో చిక్కుకుంటుంది. ఆ తెలుపు అదే. రంగు కాదు, మచ్చ కాదు, మబ్బు. ముప్పై నాలుగేళ్లలో నా చేతి కింద ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. మొదటిసారి నేనూ మేస్త్రీకి కనబడకుండా దాక్కున్నాను.

వానలు పోయి, ఎండ బాగా కాసి, నీ పెదవులు పగిలే రోజు చూసుకో. ఒట్టి థిన్నర్ కుంచెతో తీసుకుని ఒక్కసారి మీదుగా పోనివ్వు. అంతే. మిగిలింది నువ్వే చూస్తావు.

పంపమన్నది నీ చేతి మీద నమ్మకం లేక కాదు. నువ్వు కూడా నాలాగే అవుతావేమో అన్న భయంతో.

మురళి

కొత్తూరు,
20 డిసెంబరు 2024

నా తండ్రీ మురళీ,

ఆసుపత్రి సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పవిత్ర ఫోను చేసిందట. మీ బావ నాకు చెప్పకుండా దిగమింగుకున్నాడు. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

నిన్న ఎండ కాసింది. పదకొండు గంటలకు ముందు ఒక రెక్కను వసారాలో పెట్టి, ఒట్టి థిన్నర్‌లో కుంచె ముంచి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క గీత తీశాను. ఏమీ కాలేదు. తెల్లగానే ఉంది. కుంచె పక్కన పెట్టాను.

అప్పుడు మొదలైంది. నేను తీసిన గీత వెంబడే తెలుపు విడిపోతూ వచ్చింది. తెల్లారి మన గుట్ట మీది మంచు ఎండకు ఎట్లా లేస్తుందో అట్లా. ముందు ఒక ఎముక కనబడింది, తరువాత ఇంకొకటి, దాని కింద పలక మీది చెక్క గీతలు కూడా. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. అంబిక చేతిలో చేట అట్లాగే ఉండిపోయింది. రెక్కంతా తేటపడ్డాక ఎత్తి ఎండకు పట్టాను. ఎండ లోపలి నుంచి దాటి వచ్చి నా ముఖం మీద పడింది. ఉన్నదా లేదా అన్నట్టు ఉంది. మీ బావ ముట్టుకోబోయి, లుంగీకి చెయ్యి తుడుచుకుని, మళ్లీ ముట్టుకోకుండానే వెనక్కి తీసుకున్నాడు. రెండో రెక్కా అట్లాగే తేటపడింది. వారం ఆగి రెండింటికీ మూడో పూత వేస్తాను.

ఇప్పుడు ఒక మాట అడగాలి. చాలా ఏళ్లుగా అడగలేదు. నీకు ఇరవై ఏళ్లప్పుడు నువ్వు చేను చూసుకుంటానన్నావు. నేనే మీ బావను పోరు పెట్టి, ఆయన చిన్నాన్న రాజప్పను పట్టుకుని నిన్ను హోసూరులో ఆ పెయింటు పనిలో పెట్టించాను. జీతం వస్తుంది, నీడపట్టున ఉంటావు అనుకున్నాను. ఆ పనే నీ ఊపిరి తిన్నది. ఆ డబ్బా మూత తీసిన మొదటి రోజే ఆ వాసన నాకు తెలిసింది. పండగలకు నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడల్లా నీ చొక్కాలో ఉండే వాసన అదే. నేను కొత్త సబ్బు వాసన అనుకునేదాన్ని. ఇది నా చేత పూయించింది నాకు ఆ సంగతి తెలియాలనేనా? అయినా తప్పు లేదు. చెప్పు.

అక్క

కృష్ణగిరి,
6 జనవరి 2025

అక్కా,

నీ జాబు చదివి రెండు రోజులు కాయితం ముట్టలేదు. నువ్వు ఇది మోస్తున్నావని నాకు తెలియదు. ఇన్నేళ్లూ!

అట్లాంటి ఆలోచన నాకు కలలో కూడా లేదు. నీకు పంపింది నీ చెయ్యి నాకు తెలుసు కాబట్టి. అంతే. మాస్కు ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చారు. తీసింది నేను.

ఇంకో సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ పనిలో చేరిన మొదటి నెల, ఒక బండి తలుపు రేకు మీద మేస్త్రీ రంగు లేని చివరి పూత కొట్టాడు. అప్పటిదాకా గోడలా ఉన్న ఎరుపు, ఒక్కసారిగా లోతు వచ్చి బావిలా అయింది. చెయ్యి పెడితే మునుగుతుందేమో అనిపించింది. నేను నీళ్లు తాగడానికి పోతూ అట్లాగే నిలబడిపోయాను. మేస్త్రీ, "ఏమప్పా, ఆడనే నిలబడినావు?" అన్నాడు. రోజూ అది చూడటానికే పోయేవాణ్ణి అక్కా. నువ్వు నన్ను చేర్చకపోతే అది నాకు తెలిసేది కాదు. మొన్న వసారాలో నువ్వు నోరు తెరుచుకుని చూశానని రాశావే, అట్లాంటిదే చూస్తూ ముప్పై నాలుగేళ్లు బతికాను. ఊపిరి పోయిందని దుఃఖం ఉంది, లేదని అనను. నీ మీద కోపం మాత్రం ఏనాడూ లేదు. ఇక దాన్ని దించెయ్యి.

విమానం ఒళ్లు, తోక ప్రశాంత్ చేత పంపుతున్నాను. రెక్కల్ని రబ్బరు పట్టీలతో కట్టాలి. బొమ్మ వేసి పెట్టాను. నూర్పిళ్లు అయి దుమ్ము అణిగాక, ఊరి వెనక బండ మీదికి పోయి నువ్వే వదులు. నేను రాలేను. ఆ కొండదారికి డాక్టరు ఇంకా ఒప్పుకోలేదు. విసరవద్దు. ఎదురుగాలిలో నిలబడి, చంకలో బిడ్డను నేల మీద దింపినట్టు గాలి మీద దించు. ఒక నిమిషం తేలి, చేనులో దిగుతుంది. దిగగానే ఎంతసేపు తేలిందో నాకు రాయి.

మురళి

కొత్తూరు,
16 ఫిబ్రవరి 2025

మురళీ,

ఎంతసేపు అని అడిగావు. చెప్పలేను. ఎందుకో రాస్తాను, చివరిదాకా చదివి తరువాత నన్ను తిట్టు.

నిన్న పొద్దున పదిన్నరకు నేను, మీ బావ, అంబిక బండ మీదికి పోయాము. కింద చేన్లన్నీ కోసి ఒట్టిగా ఉన్నాయి. రాయి అప్పటికే కాలుతోంది. ఎదురుగాలి సన్నగా ఉంది. నేను దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, నువ్వు చెప్పినట్టు దించాను. నేను వదిలానో అదే పోయిందో తెలియలేదు.

నేల మీదికి ఒంగి, చేను మీదుగా నున్నగా జారింది. మీ బావ పట్టుకోవడానికి కిందికి పరిగెత్తుతున్నాడు. సరిగ్గా దిగబోయే చోట, చేను మధ్య నల్లబండ పక్కన, ఒక రెక్క కొంచెం లేచింది. ఎవరో కింది నుంచి అరచేత్తో ఎత్తినట్టు. పక్కకు తిరిగింది. ఒక చుట్టు చుట్టింది. చుట్టినప్పుడల్లా ఇంకొంచెం పైకి. అప్పుడు చూశాము, దానికి పైన రెండు గద్దలు రెక్క ఆడించకుండా అట్లాగే చుట్టు తిరుగుతున్నాయి. అవి దాన్ని చూసి బెదరలేదు. మూడూ కలిసి ఒకే గాలిలో పైకి పోతున్నాయి.

ఒకవైపు తిరిగితే ఎండ రెక్కల్లోంచి దాటి, రెండూ దీపాల్లా వెలిగేవి. నువ్వు పెట్టిన ఎముకలు ఒక్కొక్కటీ కనబడేవి. ఇంకోవైపు తిరిగితే ఆకాశంలో కలిసిపోయి ఏమీ ఉండేది కాదు. మళ్లీ వెలిగేది. అంబిక నా చెయ్యి పట్టుకుని, నేను పెదవులు చదివేట్టు నిదానంగా, "అత్తా, దానికి సద్దే లేదు. ఈడ ఏమీ వినబడల్లేదు" అంది. అంటే ఆ పొద్దు వాళ్లూ నాలాగే ఉన్నారు.

మీ బావ చేనులో నిలబడి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో తరువాత అడిగితే, "ఏమో, తీయాలనిపించె" అన్నాడు. నేను దండం పెట్టాను. ఎవరికి పెట్టానో నాకూ తెలియదు.

అట్లా పైకి పోయి పోయి గద్దలు కూడా దాన్ని విడిచాయి. గోరంత అయింది, నువ్వుగింజంత అయింది. అడవి మీదికి పోయింది. ఒకసారి వెలిగింది. మళ్లీ వెలుగుతుందని చూస్తూనే ఉన్నాము. మెడలు నొప్పి పుట్టేదాకా చూశాము. వెలగలేదు.

తమ్ముడూ, నీ విమానాన్ని పోగొట్టాను. దిగలేదు, కాబట్టి ఎంతసేపో తెలియదు. మీ బావ ఈ రోజు అడవి అంచున తిరిగి వచ్చాడు, దొరకలేదు. రేపు మళ్లీ పోతానంటున్నాడు. నన్ను క్షమించు.

పిల్లమ్మ

కృష్ణగిరి,
25 ఫిబ్రవరి 2025

అక్కా,

నీ జాబు పవిత్ర చేత గట్టిగా చదివించుకున్నాను. గద్దల దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి తల ఎత్తింది. "నాయనా, నిజంగా ఇట్ల జరుగుతుందా?" అంది. అక్కడి నుంచి మళ్లీ చదవమన్నాను.

వేడెక్కిన బండ మీది నుంచి గాలి లేస్తుంది. గద్దలకు అది తెలుసు. అందులోకి పోయి చిక్కాలంటే రెక్క కోడిగుడ్డంత తేలికగా ఉండాలి, మెలి ఉండకూడదు, చర్మం బిగువుగా ఉండాలి. ఎముకలు నావి, చర్మం నీది. రెండింటిలో ఏది కొంచెం తప్పినా నిమిషంలో చేనులో దిగి ఉండేది. ఇట్లాంటివి చేసేవాళ్లు పదేళ్లు చేసినా కొందరికి ఈ భాగ్యం రాదు. నువ్వు దాన్ని పోగొట్టడం ఏమిటి!

డాక్టరు వచ్చే నెల ఒక రోజుకు ఒప్పుకున్నాడు, యంత్రం కారులో పెట్టుకుని పోయేట్టు. పవిత్ర తీసుకువస్తుంది. బండ పైదాకా ఎక్కలేకపోయినా కింద చేనులో కుర్చీ వేయించు. బావ ఎక్కడ నిలబడ్డాడో అక్కడ. ఒక పూట పైకి చూస్తూ కూర్చుంటాను.

బావను ఇక వెతకవద్దని చెప్పు. ఏనుగులు తిరిగే చోటు. ఎవరైనా పశువులు కాసేవాళ్లకు ఏ కొమ్మ మీదో కనబడితే వాళ్లనే ఉంచుకోనివ్వు. నాకు మాత్రం దొరికిందని రాయవద్దు.

మురళి